సూది ఎరగని మంద

మునెమ్మ ఆవుల సంగతి చెప్పాలంటే ముందు ఆమె కసువు సంగతి, ఆ గడ్డి సంగతి చెప్పాలి. ఏర్పేడు దాటి గుట్టల వైపు పోతే గుట్ట వారన ఏడెకరాల రాతినేల ఆమెది. చెనక్కాయ వేస్తే విత్తనాలు కూడా తిరిగి రావని ఊరంతా తేల్చేసిన నేల. మునెమ్మ దాన్ని దున్నడం మానేసి, కంపకంచెలతో నాలుగు భాగాలు చేసింది. ఒక్కో భాగంలో ఎనిమిది రోజులే మేత. తరువాత మూడు వారాలు దాటేదాకా ఆ వైపు ఆవు మూతి కూడా పెట్టకూడదు. కసువు ఇంకా పిడికిలెత్తు మిగిలి ఉండగానే మందను పక్క భాగంలోకి తోలేసేది. "మొదలంటా మేపితే ఈ పొద్దు ఆవు కడుపు నిండుతాది. రేపటికి మన్ను తినాల" అనేది.

చిన్న చిన్న నాటావులు తొమ్మిది. పూటకు లీటరో, లీటరున్నరో ఇచ్చే రకం. దాణా మూట గానీ గానుగచెక్క గానీ ఆ ఇంటి గడప తొక్కింది లేదు. ఎండాకాలానికి తుమ్మకాయలు ఏరి, ఎండబెట్టి, గోతాలకెత్తుకునేది. సీమావులు కట్టుకున్న ఇరుగుపొరుగు నవ్వితే ఊరుకునే మనిషి కాదు. "మీ ఆవు బిందె నిండా పాలిస్తాదిలే, నిండా దాణా కూడా తింటాది గదా! నాది కసువు తిని కసువంత ఇస్తాది" అని ఎదురు జవాబు చెప్పేది. చూడి కట్టించడానికి కూడా ఎవరినీ పిలిచేది కాదు. గుట్ట కింది ఊళ్ళన్నీ తనవే అన్నట్టు తిరిగే అచ్చోసిన ఆంబోతు ఒకటి ఉండేది. అదే వచ్చి పని చూసుకుపోయేది.

ఆమె మొగుడు సుబ్రమణ్యం పొద్దున్నే పాలక్యాను మోపెడ్‌కి కట్టుకుని తిరుపతి పోయేవాడు. అలిపిరి దారిలో ఒక సేంద్రియ అంగడికి సగం, అక్కడక్కడా నాలుగైదిళ్ళకు సగం. ఆ ఇళ్ళలో మొదటిది అమృతవల్లిది. తరతరాలుగా గుడి సేవలో ఉన్న కుటుంబం. మునెమ్మ పాలతో ఇంటి దేవుడికి అభిషేకం అయ్యాకే ఆ ఇంట్లో ఎవరి నోట్లోనైనా నీళ్ళు పడేవి. "సూది ఎరగని మంద పాలు" అని పేరు పెట్టింది ఆమే. పది మందికి చెప్పిందీ ఆమే.

ఆ పేరు మునెమ్మ తలకెక్కింది. నిజానికి అంగడి వాళ్ళు అడిగింది తక్కువే. పొలంలో రసాయనాలు వద్దన్నారు, పాలు ఎక్కువ రావడానికి మందులు పొడవొద్దన్నారు, అంతే. టీకా వేయించొద్దని వాళ్ళు చెప్పలేదు. ఆ గీత మునెమ్మ తనంతట తాను గీసుకుంది. గీసుకున్నాక ఇక అది దాటదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

మూడేళ్ళ కిందట పశువుల డాక్టరు శ్రీసుధ ఊళ్ళోకి వచ్చింది. చిన్న పిల్ల, చదువు అయిపోయి ఏడాదైనా కాలేదు. మునెమ్మ దొడ్లో అప్పుడు రెండు ఆడదూడలున్నాయి.

"ఇది మందు కాదమ్మా, టీకా" అంది శ్రీసుధ. "ఆడదూడలకు ఈ వయసులో ఒక్కసారి వేస్తే చాలు. ఆవులు ఈసుకుపోయే రోగం రాదు. ఆ రోగం పాల నుంచి మనుషులకు కూడా అంటుతుంది."

"నా దొడ్లో ఇంతవరకూ ఒక్కావు కూడా ఈసుకుపోలేదు తల్లీ. నెలలు నిండకుండా దూడ పడిందనే మాటే లేదు. లేని రోగానికి సూదెందుకు? నాలుగిళ్ళల్లో సూది ఎరగని మంద అని చెప్పుకొని పాలు పోస్తాండాము. రేపు ఆ మాట యెట్ల చెప్పేది?"

"ఈ ఒక్కసారికి వేయించుకోండమ్మా. నేను ఊరికే చెప్పడం లేదు."

"నువ్వు నా కూతురంత ఉండావు. మజ్జిగ తాగి పో తల్లీ" అని చెంబు చేతికిచ్చింది మునెమ్మ. శ్రీసుధ మజ్జిగ తాగి, పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. ఆ రెండు దూడల్లో ఒకదాని పేరు చుక్క.

ఆ మాట అంత తేలికగా అన్న మునెమ్మకు నిజంగానే ఒక కూతురుంది. అమల. పుత్తూరులో ఇనప సామాన్ల అంగట్లో పనిచేసే లోకేష్‌కిచ్చి ఆరేళ్ళయింది. ఆరేళ్ళూ కడుపు పండలేదు. రెండుసార్లు నెల తప్పి, రెండుసార్లూ మూడో నెల దాటకుండానే పోయింది. మూడోసారి అక్టోబరు వానలప్పుడు నెల తప్పితే, మంచం దిగొద్దని చెప్పారట. లోకేష్ ఆమెను ఆటోలో పరుపు మీద పడుకోబెట్టుకుని తెచ్చి, "అత్తా, ఈసారి నీ చేతిలో పెడతాండా" అన్నాడు. ఆ మాటకు మునెమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మూడో నెల దాటింది. అమల లేచి దొడ్డి దాకా నడిచేది. పొద్దున్నే తల్లి పాలు పిండుతుంటే పక్కన రాతి మీద కూర్చునేది. మునెమ్మ నురుగుతో పొంగే చెంబు అట్లాగే కూతురి చేతికిచ్చేది. పొదుగు వేడి ఆరని గుమ్మపాలు. కాస్తే బలం పోతుందని ఆమె నమ్మకం. ఆమె తల్లీ తాపింది, అవ్వా తాపింది. "నాలుగు గుక్కల్లో తాగేయల్ల" అని ఎదురుగా నిలబడేది. పైపెదవి మీద తెల్లటి గీతతో అమల నవ్వితే ఆమెకు లోకంలో ఇంకేమీ అక్కర్లేదనిపించేది.

డిసెంబరు ఆఖరులో చుక్క ఈసుకుపోయింది. తొలిచూలు, ఏడో నెల. పొద్దున మునెమ్మ దొడ్లోకి పోయేసరికి వెంట్రుకలు కూడా సరిగ్గా రాని దూడ చచ్చి పడుంది. చుక్క వెనక మాయ ఇంకా వేలాడుతూ ఉంది. మునెమ్మ వట్టి చేతులతో దాన్ని బయటికి లాగింది. ఆవు కడుపుకు పుల్ల గీరిందో, మేకు తగిలిందో, అందుకే ఈసుకుపోయిందనుకుంది. తరువాత ఆ పక్క ఊళ్ళన్నిట్లో చేసే పనే చేసింది. మాయను గోనెపీలికలో మూటగట్టి, మేతనేల మూడో భాగంలో ఉన్న మేడిచెట్టు కొమ్మకు కట్టింది. పాలుకారే చెట్టుకు మాయను కడితే ఆవుకు పాలు పొంగుతాయంటారు. పోయిన దూడ ఎట్లాగూ పోయింది, పాలన్నా రానీ అనుకుంది. రెండు రోజులకు కాకులు మూట చించాయి. కుక్కలు పీలికల్ని కసువు మీద ఈడ్చుకుపోయాయి. మధ్యాహ్నం మంద నీడకు పడుకునేది కూడా ఆ చెట్టు కిందనే.

చుక్క పాలైతే ఇచ్చింది గానీ కొంచెమే ఇచ్చింది. ఆ అరచెంబు పాలు క్యానులో పోసినా ఒకటే, పోయకున్నా ఒకటే. మునెమ్మ కాసేపు ఆలోచించింది.

"దూడకు దక్కని పాలు, నా బిడ్డకన్నా దక్కనీ" అంది.

ఆ రోజు నుంచి చుక్క పాలు అమలవి.

సంక్రాంతి పోయిన వారానికే ఇంకో రెండావులు ఈసుకుపోయాయి. సుబ్రమణ్యం నెమ్మదిగా అన్నాడు. "డాక్టరమ్మను పిలుద్దామా మే?"

"పిలిచి ఏమని చెప్పేది? సూది వద్దన్నావు గదా, అనుభవించు అంటాది. ఊళ్ళో తెలిస్తే పాలు ఎవురు పోయించుకుంటారు? నోరు మూసుకోని పో" అని కసిరింది మునెమ్మ. ఆయన నోరు మూసుకున్నాడు. ఆ ఇంట్లో ఆయనకు బాగా అలవాటైన పని అదొక్కటే.

ఆ రోజుల్లోనే అమలకు జ్వరం మొదలైంది. పొద్దున ఉండేది కాదు, సాయంత్రానికి వచ్చేది. జాకెట్టు తడిసిపోయేటట్టు చెమట. నడుము విరిగిపోతున్నట్టు నొప్పి. వారం చూసి తిరుపతి తీసుకుపోయారు. విషయం విని అమృతవల్లే తనకు తెలిసిన ఒక నర్సింగ్ హోమ్‌లో మంచి డాక్టరమ్మ ఉందని చెప్పింది. చెప్పి ఊరుకోక తానే వెంట వచ్చింది. మంచి మనిషి. తన పక్క కుర్చీలోనే మునెమ్మను కూర్చోబెట్టుకుంది.

డాక్టరమ్మ అమలను చూసి, రక్తానికి రాసి, తల ఎత్తకుండానే అడిగింది.

"ఇంట్లో ఆవులున్నాయా?"

"ఉండాయి తల్లీ."

"పచ్చిపాలు తాగుతుందా?"

మునెమ్మ పక్కన అమృతవల్లి ఉంది. ఆ పొద్దే అభిషేకం చేసి వచ్చింది, నుదుట తిరుచూర్ణం గీత ఇంకా ఆరినట్టు లేదు. పచ్చిపాలని అడగడంలోనే తన పాల మీద నింద వినిపించింది మునెమ్మకు. ఔనంటే తరువాత ప్రశ్న ఏం వస్తుందో కూడా ఆమెకు తెలుసు. మూడేళ్ళ కిందట శ్రీసుధ చెప్పిన మాట ఆమె మరిచిపోలేదు. నన్నడిగితే, మరిచిపోయి ఉంటే తప్పు సగమన్నా తగ్గేది.

"లేదమ్మా. బాగా కాచిన పాలే" అంది.

మంచం అంచు మీద కూర్చున్న అమల తల్లి వైపు చూసింది. డాక్టరమ్మ రాసుకుంది.

రక్తంలో వెతికిన రోగాలేవీ దొరకలేదు. జ్వరానికి ఏవో మాత్రలిచ్చారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. పొద్దున్నే చెంబు ఇవ్వడం మునెమ్మ మానలేదు. మానితే తాను ఆడినది అబద్ధమని తానే ఒప్పుకున్నట్టవుతుందని భయపడిందో, జ్వరంతో చిక్కిపోయిన బిడ్డకు బలం కావాలని నిజంగానే అనుకుందో, ఆమెకే తెలియాలి. రెండూ అయి ఉండొచ్చు.

పద్దెనిమిది రోజులకు అమల కడుపు పోయింది. అయిదో నెల నిండింది, ఆరు నడుస్తోంది. మగబిడ్డ. నర్సు తువ్వాలులో చుట్టి తెచ్చి చూపిస్తే మునెమ్మ చేతులు చాచింది గానీ పట్టుకోలేకపోయింది. గోళ్ళు కూడా ఉన్నాయి. లోకేష్ ఆ మూటను ఒళ్ళో పెట్టుకుని ఆటో వెనక సీట్లో కూర్చున్నాడు. అట్లాగే పుత్తూరు పోయాడు. "నీ చేతిలో పెడతాండా" అన్నవాడు అత్తను ఒక్క మాట కూడా అనకుండా పోవడం ఆమెను కాల్చేసింది.

అమల మాత్రం తల్లి దగ్గరే ఉండిపోయింది. లేచే ఓపిక లేదు.

నెల తిరిగేసరికి మునెమ్మకు కూడా నడుము పట్టేసింది. తుంటి, మోకాళ్ళు కూర్చోనివ్వవు, లేవనివ్వవు. కసువులో పరిగెత్తే మనిషి గోడ పట్టుకుని నడిచింది. ఎముకల బాధ అంటే ఆ చుట్టుపక్కల ఎవరైనా పోయేది పుత్తూరు కట్టుకే. బస్సెక్కి పోయింది. కట్లు కట్టే పెద్దాయన ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, తుంటి నుంచి మడమ దాకా వేళ్ళతో నొక్కుకుంటూ వచ్చాడు. గుడ్డపట్టీ చేతిలోకి తీసుకుని, మళ్ళీ పక్కన పెట్టేశాడు.

"ఇది విరిగింది కాదు, బెణికింది కాదమ్మా. నేను కట్టేదానికి ఏమీ లేదు. సాయంత్రం జొరం వస్తాండాదా?"

"వస్తాండాది సామీ."

"ఆవులుండాయా మీకు?"

మునెమ్మ కళ్ళు మూసుకుంది. అదే ప్రశ్న.

"ఉండాయి."

"ఈసుకుపోతాండాయా?"

బల్ల మీద పడుకున్న మనిషి అబద్ధం ఆడటానికి ఓపిక కావాలి. మునెమ్మకు ఆ ఓపిక మిగల్లేదు. "మూడు పోయినాయి సామీ" అని ఏడ్చింది.

"ఆవులు మేపే పసరాలోళ్ళు ఈ నొప్పితో నా కాడికి వస్తానే ఉంటారు. నీ ఎముకలో ఏం లేదు తల్లీ, రగతంలో ఉండాది. తిరుపతి పోయి, ఆవుల సంగతి కూడా చెప్పి పరీక్ష చేయించుకో" అన్నాడు. కట్టు కట్టలేదు గనక ఏమీ తీసుకోనన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా పట్టుకుంది. ఆ నర్సింగ్ హోమ్‌కే పోయింది, ఈసారి అమలను తోడు తీసుకుని. ఆవుల సంగతి చెప్పింది. ఇద్దరి రక్తంలోనూ ఆ రోగమే ఉంది. ఆరు వారాలు మందులు మింగాలన్నారు. అమల బయట మందుల వరసలో నిలబడి ఉండగా డాక్టరమ్మ పాత కాగితం తీసింది. మునెమ్మకు చదువు రాదు గానీ ఆ వేలు ఎక్కడ ఆగిందో అర్థమైంది.

"కాచిన పాలే అని రాసుకున్నానమ్మా నేను" అంది డాక్టరమ్మ.

"అవును తల్లీ. నేనే చెప్పినాను. అబద్ధం చెప్పినాను." మునెమ్మ తలుపు వైపు ఒకసారి చూసింది. "ఆ పొద్దే నిజం చెప్పి ఉంటే బిడ్డ బతికేవాడా?"

డాక్టరమ్మ కాగితం మడిచింది. "చెప్పలేను. ప్రయత్నం మాత్రం చేసి ఉండేదాన్ని."

ఇంటికి పోయే దారిలో మునెమ్మ ఆటోను అమృతవల్లి ఇంటి ముందు ఆపించింది. అమలను ఆటోలోనే కూర్చోమంది. అభిషేకం పాలు కాచరు, పచ్చివే తీర్థంగా ఇస్తారు. ఆ సంగతి డాక్టరమ్మ గదిలోనే ఆమెకు గుర్తొచ్చింది. గడప బయటే నిలబడి అంతా చెప్పేసింది. అమృతవల్లి గుమ్మం పట్టుకుని వింది.

"మా మనవడు ఋత్విక్‌కి రోజూ ఆ తీర్థం పోశాను నేను" అంది. "ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?"

"మూడో ఆవు ఈసుకుపోయిన పొద్దే నాకు అనుమానం తగిలిందమ్మా."

అమృతవల్లి తిట్టలేదు. లోపలికి పోయి, కడిగి బోర్లించిన పాలచెంబు తెచ్చి గడప మీద పెట్టి, తలుపు వేసుకుంది. ఋత్విక్‌కి ఏమీ లేదని వారం తరువాత అంగడి ద్వారా కబురు తెలిసింది. మునెమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. ఆ ఇంటి నుంచి ఇంకో కబురు మాత్రం రాలేదు. అంగడి కూడా పాలు మానేసింది.

మునెమ్మే కబురు పెడితే శ్రీసుధ వచ్చింది. చేతులకు పొడుగు తొడుగులు వేసుకుని అన్ని ఆవుల రక్తమూ తీసుకుపోయింది. తొమ్మిదిలో అయిదింటికి ఉంది. వాటిని వేరే కట్టాలంది. కట్టిన చోటికే కసువు కోసి వేయాలంది. సంతకు తోలితే రోగం ఇంకో ఇంటికి పోతుంది, అమ్మొద్దంది. ఆ మాట పూర్తవకముందే దళారి ఒకడు వాసన పట్టి వచ్చాడు. మునెమ్మ కర్ర తీసుకుని వాణ్ణి కంచె దాటేదాకా తరిమింది. ఆ కాళ్ళతో ఎట్లా తరిమిందో ఆమెకే తెలియాలి.

"నా కసువులో ఏమన్నా తప్పు ఉండాదా తల్లీ?" అని అడిగింది శ్రీసుధను.

"కసువులో ఏ తప్పూ లేదమ్మా. మీలాగా మేపేవాళ్ళను నేను ఇంకెక్కడా చూడలేదు."

ఆ మెచ్చుకోలు కంటే తిట్టుంటే బాగుండేదనిపించింది మునెమ్మకు. మంద తిరగని రెండు భాగాల్లో కసువు మోకాలెత్తు పెరిగి, పండి, వాలిపోతోంది. మేడిచెట్టు కొమ్మకు గోనెపీలిక ముక్క ఒకటి ఇంకా ఉంది. సుబ్రమణ్యం నిచ్చెన వేసి, చేతికి సంచి తొడుక్కుని దాన్ని విప్పి కాల్చేశాడు.

టీకా వయసులో ఉన్నది దొడ్లో అయిదు నెలల ఆడదూడ ఒక్కటే. బుడ్డి. కపిల అనే ముసలావుకు పుట్టింది. తల్లికీ రోగం లేదు, దానికీ లేదు. వారం తరువాత శ్రీసుధ టీకా తెచ్చింది. మునెమ్మే దూడ మెడ చుట్టూ చేతులు వేసి గోడకు అదిమి పట్టుకుంది. అమల రాతి మీద కూర్చుని చూస్తోంది. ఒకప్పుడు చెంబు పట్టుకుని కూర్చున్న రాయే అది.

శ్రీసుధ సూదిలోకి మందు ఎక్కిస్తూ కాగితం కోసం అడిగింది. "ఇంట్లో పచ్చిపాలు ఎవరెవరు తాగారమ్మా? రాసుకోవాలి."

ఇన్నాళ్ళూ చెప్పాలని నోటిదాకా వచ్చి మింగేసిన మాట. దూడను వదలకుండానే మునెమ్మ కూతురి వైపు తిరిగింది.

"నేనే తాపినాను. దానికి వద్దని చెప్పేవాళ్ళు లేక తాగింది. తిరుపతిలో డాక్టరమ్మ అడిగితే లేదని అబద్ధం చెప్పినాను. పక్కన అమృతవల్లమ్మ ఉండాదని, పాలకు పేరు పోతాదని చెప్పినాను. అమలా, నీ బిడ్డను నేనే..."

"ఊరుకోమ్మా" అంది అమల.

దూడ గింజుకుంది. మునెమ్మ పట్టు వదల్లేదు.

"డాక్టరమ్మ అడిగినప్పుడు నేనూ ఆడనే ఉండాను గదా. పొద్దున తాగిన పాలు నా నోట్లో ఇంకా తీపిగానే ఉండాయి. నాకు మాత్రం నోరు లేదా? అమ్మ మాట నలుగురిలో పోతాదని నేనూ ఊరుకుండిపోయినాను. నువ్వు ఒక్కదానివే ఏడ్చొద్దు. నన్ను కూడా ఏడ్చనీ."

ఆమె అట్లా అన్నదే గానీ ఏడవలేదు. లేచి వచ్చి, దూడ వెనక కాళ్ళ దగ్గర కూర్చుని, రెండు చేతులతో దాన్ని పట్టుకుంది.

"కానీండి మేడం" అంది శ్రీసుధతో. "మేము పట్టుకుంటాము."